జడ్పీ హైస్కూల్లో చేర్పిద్దామా వద్దా? గోదావరి డెల్టా తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది రాజోలు దీవిలో ఒక ఊరు. పెద్దమ్మాయి ఏడో తరగతి దాకా ప్రైవేటు బళ్ళో చదివి, ఎనిమిదిలో జడ్పీ హైస్కూలుకు మారింది. చిన్నవాడు ఆరో తరగతిలోనే అక్కడ చేరాడు. మధ్యలో రెండేళ్ళు బడి కమిటీలో సభ్యుణ్ణి. నేను టీచర్ని కాను, విద్యాశాఖతో నాకు సంబంధం లేదు. మే నెల వచ్చేసరికి చుట్టాలూ తెలిసినవాళ్ళూ ఫోన్ చేసి అడిగే ప్రశ్నలే మళ్ళీ మళ్ళీ అడుగుతుంటారు కాబట్టి జవాబులు ఒకచోట రాసి పెట్టాను.

ప్రభుత్వ హైస్కూలు అంటే మా చుట్టుపక్కల ఏమేం ఉంటాయి?

పల్లెల్లో చాలావరకు జిల్లా పరిషత్ (జడ్పీ) ఉన్నత పాఠశాలే, ఆరు నుంచి పది వరకు. అమలాపురం, నరసాపురం, పాలకొల్లు, భీమవరం లాంటి పట్టణాల్లో మున్సిపల్ హైస్కూళ్ళు ఉంటాయి. ఎయిడెడ్ బళ్ళు, అంటే ప్రైవేటు యాజమాన్యం కింద ఉండి ప్రభుత్వ సాయంతో నడిచేవి, కొన్ని మిగిలాయి. వాటికి ఒకప్పుడు గొప్ప పేరుండేది. ఇప్పుడు పేరు చూసి కాకుండా, లోపల టీచర్లు ఎంతమంది మిగిలారో లెక్కపెట్టుకుని చేర్చండి.

హాస్టల్లో ఉండి చదివే గురుకులాలు, నవోదయ వేరే దారి. నవోదయలో ఆరో తరగతి సీటు కోసం ఐదో తరగతి చదువుతుండగా పరీక్ష రాయాలి, అదీ ఒక్కసారే. ఉమ్మడి తూర్పుగోదావరికి పెద్దాపురంలో, పశ్చిమకు పెదవేగిలో ఉన్నాయి. సీటొస్తే మంచిదే. రాకపోతే పిల్ల తెలివి తక్కువదని ఇంట్లో ఎవరూ అనకుండా చూసుకోండి. సీట్లు తక్కువ, రాసేవాళ్ళు వేలల్లో.

మన డెల్టాకున్న సౌకర్యం ఏంటంటే ఊళ్ళు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఐదారు కిలోమీటర్లలో రెండు మూడు జడ్పీ హైస్కూళ్ళు తగలడం మామూలే. కాబట్టి ప్రభుత్వమా ప్రైవేటా అని మాత్రమే కాదు, ఏ జడ్పీ అని కూడా అడగాలి. రెండింటి మధ్య ఏటిగట్టుకు ఈ పక్కకీ ఆ పక్కకీ ఉన్నంత తేడా ఉంటుంది.

పదో తరగతి పాసు శాతం చూసి ఎంచుకుంటే సరిపోతుంది కదా?

సరిపోదండి. అందరూ మోసపోయేది అక్కడే, కాస్త వివరంగా చెబుతాను.

ఒక బళ్ళో పదో తరగతి పరీక్షకు 51 మంది కూర్చుంటే 49 మంది పాసయ్యారనుకుందాం. 96 శాతం. ఫ్లెక్సీ కట్టేస్తారు. కానీ అంతకు ముందు ఏడాది తొమ్మిదో తరగతి హాజరు పట్టీలో 62 మంది ఉన్నారు. మిగిలిన 11 మంది ఏమయ్యారు? కొందరు ఊరు మారి ఉంటారు. కొందరిని 'మీవాడికి ఇక్కడ కష్టం, ఇంకెక్కడైనా చూసుకోండి' అని మెల్లగా సాగనంపి ఉంటారు. కొందరు చేపల చెరువుల మీదో, రొయ్యల షెడ్లలోనో పనికి వెళ్ళిపోయి ఉంటారు. 62 మందిలో 49 అంటే 79 శాతం. ఈ రెండో అంకెను ఏ బడీ గోడ మీద రాయదు, మనమే అడిగి తెలుసుకోవాలి.

దీనికి ఎదురు సంగతి కూడా ఉంది. పక్క బళ్ళో పాసు శాతం 80 దగ్గరే ఆగిపోతుంది. తీరా చూస్తే ఆ హెచ్‌ఎం (హెడ్‌మాస్టర్) ఎవరినీ వదిలించుకోలేదు, ఎనిమిదిలో అక్షరాలు కూడబలుక్కునే పిల్లల్ని చేర్చుకుని పరీక్ష దాకా తెచ్చారు. నన్నడిగితే ఆ రెండో బడే మంచిది.

రాష్ట్రం మొత్తం మీద చూసినా ఇంతే. 2023, 2024, 2025 మూడేళ్ళూ పదో తరగతి ఫలితాల్లో మొదటి స్థానం పార్వతీపురం మన్యం జిల్లాదే. 2025లో రాష్ట్ర సగటు 81.14 శాతం, ఆ జిల్లాది 93.90. అదే ఏడాది అట్టడుగున ఉన్నది మరో గిరిజన జిల్లా, అల్లూరి సీతారామరాజు. రెండూ ఏజెన్సీ ఉన్న జిల్లాలే, ఒకటి శిఖరాన, ఒకటి లోయలో. కాలవలు, మూడు పంటలు, కొబ్బరి తోటలు ఉన్న మన జిల్లాలు ఆ మొదటి స్థానంలో లేవు. డబ్బున్న ప్రాంతం కాబట్టి చదువులు వాటంతటవే బాగుంటాయని అనుకోవడానికి లేదన్నమాట.

ఇంకోటి. పాత రికార్డు చూపించి 2020, 2021లో వంద శాతం అని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి. కోవిడ్ వల్ల ఆ రెండేళ్ళు పరీక్షలే లేవు, అందరినీ పాస్ చేశారు.

పాసు శాతం బదులు ఏం అడగాలంటే: 600కు 500 దాటినవాళ్ళు ఎంతమంది, లెక్కల్లో 35 నుంచి 40 మధ్య గట్టెక్కినవాళ్ళు ఎంతమంది, పోయినేడాది పాసైనవాళ్ళు ఇంటర్, పాలిటెక్నిక్, ఐటీఐలలో ఎక్కడెక్కడ చేరారు. ఈ చివరి ప్రశ్నకు టకటకా జవాబు చెప్పే హెచ్‌ఎం పిల్లల్ని పేరుపేరునా ఎరిగిన మనిషి.

బడి చూడటానికి ఎప్పుడు వెళ్ళాలి? వెళ్తే ఏం చూడాలి?

ఆగస్టు 15న కాదు, తల్లిదండ్రుల సమావేశం రోజున కాదు. ఆ రోజుల్లో ఏ బడైనా పెళ్ళివారిల్లులా ఉంటుంది. పిల్లను వచ్చే జూన్‌లో చేర్చాలనుకుంటే ముందటి నవంబరులో ఏ మంగళవారమో, పొద్దున పదకొండున్నరకు వెళ్ళండి. ముందు ఆఫీసుగదిలో హెచ్‌ఎం గారిని కలిసి, ఫలానా కారణంతో వచ్చానని చెప్పి అనుమతి తీసుకోండి. చెప్పకుండా తరగతుల్లోకి తొంగిచూస్తే ఎవరికైనా కోపం వస్తుంది.

మొట్టమొదట నోటుపుస్తకాలు. ఎనిమిదో తరగతి లెక్కల నోటుబుక్కులు ఒక మూడు చూపించమనండి, క్లాస్ ఫస్టు పిల్లవి కాకుండా. ఎర్ర ఇంకుతో రైటు మార్కు, కింద సంతకం ఉంటే టీచరు పుస్తకం తిరగేశారని మాత్రమే అర్థం. తప్పు ఎక్కడ జరిగిందో గుర్తించి పక్కన సరిచేసి ఉంటే, ఆ పిల్ల మళ్ళీ చేసి చూపించి ఉంటే, చదువు చెప్పారని అర్థం. ముగ్గురు పిల్లల పుస్తకాల్లో అక్షరం పొల్లుపోకుండా ఒకే జవాబు ఉందంటే బోర్డు మీద రాసింది దించుకున్నారు.

తరవాత లైబ్రరీ బీరువా. తాళం వేసి ఉందా అని చూడకండి, తాళం అన్నిచోట్లా ఉంటుంది. పుస్తకాలు ఇచ్చే రిజిస్టర్ అడిగి, ఆఖరి తేదీ ఏదో చూడండి. సైన్సు ల్యాబ్‌లో పరీక్షనాళికల మీద దుమ్ము చూస్తే ఎన్నాళ్ళ నుంచి ముట్టుకోలేదో తెలిసిపోతుంది.

మధ్యాహ్నం గంట కొట్టాక అన్నం వరసలో ఉన్న ఏదో ఒక పిల్లని 'నిన్న సైన్సులో ఏం చెప్పారమ్మా?' అని అడగండి. పాఠం పేరు చెబితే చాలు అనుకోకండి. మా అమ్మాయి బళ్ళో ఒక పిల్ల నాకు మందారపువ్వు మధ్యకి కోసి లోపల ఏముంటాయో చేతుల్తో చూపించింది. ఆ రోజే నేను ఆ బడికి సగం ఒప్పేసుకున్నాను.

చివరగా, టీచర్లు పిల్లల్ని ఎలా పిలుస్తున్నారో వినండి. 'ఒరే' అనడం మన గోదావరి జిల్లాల్లో ముద్దు కూడా కావచ్చు, గొంతును బట్టి తెలుస్తుంది. ఇంటిపేరుతోనో, వాడపేరుతోనో, కులాన్ని గుర్తుచేసే మాటతోనో పిలుస్తున్నారంటే మాత్రం ఎంత మంచి ఫలితాలున్నా ఆలోచించండి. చేతిలో కర్ర ఉంటే విద్యాహక్కు చట్టం ప్రకారం కొట్టడం నిషేధమని గుర్తుంచుకోండి. 'నాలుగు తగిలించండి మాస్టారూ' అని చెప్పే తల్లిదండ్రులం మనమే అనే సంగతి కూడా గుర్తుంచుకోండి.

టీచర్ల ఖాళీల గురించి ఎలా తెలుస్తుంది?

సూటిగా అడగండి: 'ఏ సబ్జెక్టుకు టీచరు లేరు? ఎప్పటి నుంచి? ఆ పీరియడ్‌లో ఎవరు వెళ్తున్నారు?' మూడో ప్రశ్నే ముఖ్యం. ఖాళీ లేని బడి అరుదు. 2025లో టీచర్ల నియామక పరీక్ష మెగా డీఎస్సీని 16,347 పోస్టులకు ప్రకటించారంటేనే ఎన్ని ఖాళీలు పేరుకుపోయాయో అర్థం చేసుకోవచ్చు. ఖాళీ ఉన్నచోట లెక్కల పీరియడ్‌లో సోషల్ టీచరు కూర్చుని హాజరు వేసి వదిలేస్తున్నారా, లేక ఫిజిక్స్ మాస్టారు వారానికి నాలుగు పీరియడ్లు సర్దుకుని చెబుతున్నారా అన్నదే తేడా.

ఆరో తరగతి నుంచి ఎనిమిది దాకా లెక్కలు, ఇంగ్లీషు ఎవరు చెబుతున్నారో కూడా అడగండి. చాలా బళ్ళలో మంచి టీచర్లనందరినీ పదో తరగతికి తోసేస్తారు. ఇల్లు కాలాక బావి తవ్వినట్టు. ఏడో తరగతిలో భిన్నాలు రాని పిల్లకు పదిలో త్రికోణమితి ఎవరు చెప్పినా ఎక్కదు.

ఒక్క టీచరు పేరు విని బడి ఎంచుకోకండి. బదిలీ నిబంధనల్లో హెచ్‌ఎంలకు ఐదేళ్ళు, టీచర్లకు ఎనిమిదేళ్ళు గడువు. అది దాటితే కదలాల్సిందే. మా చుట్టాలాయన ఒకరు లెక్కల మాస్టారి కోసం కొడుకుని ఏడు కిలోమీటర్ల అవతల బళ్ళో వేశారు. పిల్లాడు జూన్‌లో చేరాడు, మాస్టారు ఆ నెలలోనే బదిలీ మీద వెళ్ళిపోయారు. ఎవరు ఎన్నేళ్ళుగా ఉన్నారో ముందే అడిగితే ఈ అవస్థ ఉండదు.

నాడు-నేడు తరవాత బళ్ళన్నీ బాగుపడ్డాయి కదా, ఇంకా అనుమానాలెందుకు?

నాడు-నేడు అంటే ప్రభుత్వ బళ్ళను బాగుచేసే పథకం. 2019 నవంబరులో మొదలైన ఆ పనుల వల్ల చాలా బళ్ళకు కాంపౌండు గోడ, బల్లలు, నీళ్ళు వచ్చే మరుగుదొడ్లు వచ్చాయి. అది నిజమే, మంచిదే. రెండో విడతలో మొదలై పైకప్పు పడని గదులు కూడా చాలాచోట్ల అలాగే ఉన్నాయి. రంగులేసిన గోడ ఐదేళ్ళకు వెలుస్తుంది. మన ఉప్పుగాలికి ఇంకా ముందే వెలుస్తుంది. రంగు సంగతి వదిలేసి, ఇప్పుడు కుళాయి తిప్పితే నీళ్ళొస్తున్నాయా, ఫ్యాన్ తిరుగుతోందా, డిజిటల్ ప్యానెల్ మీద కప్పిన గుడ్డ ఎప్పుడైనా తీస్తున్నారా చూడండి.

ఆన్‌లైన్లో బడి వివరాలు దొరుకుతాయా?

దొరుకుతాయి. ప్రతి బడికీ యూడైస్ అని 11 అంకెల కోడ్ ఉంటుంది. దాంతో పిల్లలు, టీచర్లు, గదులు, మరుగుదొడ్ల లెక్కలు చూడొచ్చు. బడివాళ్ళే నింపిన లెక్కలు కాబట్టి ఒక్క ఏడాది అంకె మీద ఆధారపడకుండా నాలుగైదేళ్ళ పిల్లల సంఖ్య పోల్చండి. ఏటా తగ్గుతూ పోతోందంటే ఎందుకో ఊళ్ళో వాకబు చేయండి. పిల్లలు తగ్గితే హేతుబద్ధీకరణలో టీచరు పోస్టులు తీసేస్తారు, టీచర్లు తగ్గారని ఇంకొంతమంది పిల్లల్ని తీసేస్తారు. అలా కరిగిపోయిన బళ్ళు మన చుట్టూ ఉన్నాయి.

ఇంగ్లీషు మీడియం ఉంటుందా? మా పిల్ల తట్టుకుంటుందా?

ఇప్పుడు జడ్పీ బళ్ళలో ఎక్కువమంది ఇంగ్లీషు మీడియంలోనే ఉన్నారు. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉంటుంది. నా దృష్టిలో ఈ కొన్నేళ్ళలో జరిగిన మంచి పనుల్లో అదొకటి. ఇంట్లో మనం తెలుగు పేజీ చదివి పిల్లకు విడమరచి చెప్పొచ్చు. పిల్ల ఇంగ్లీషు పేజీ చూసి జవాబు రాసుకుంటుంది.

కొన్ని బళ్ళకు సీబీఎస్ఈ అనుబంధం ఇచ్చి, 2024లో మళ్ళీ రాష్ట్ర బోర్డుకే తెచ్చారు. గోడ మీద ఇంకా పాత అక్షరాలు కనబడితే దాన్ని చూసి చేర్చకండి.

ఇంగ్లీషు వస్తుందా అన్నది మీడియం బోర్డును బట్టి తెలియదు. తొమ్మిదో తరగతి పిల్లకు పాఠ్యపుస్తకంలో కాకుండా బయటి పేరా ఒకటి ఇచ్చి చదివించండి, తెలుగులో అర్థం చెప్పించండి. ప్రైవేటు బడి పిల్లకూ ఇదే పరీక్ష పెట్టండి. నేను మా అమ్మాయికి ఏడో తరగతిలో పెట్టాను. గడగడా చదివింది, ఒక్క వాక్యానికీ అర్థం చెప్పలేకపోయింది. ఏడేళ్ళ ఫీజులు కళ్ళముందు కదిలాయి.

ప్రైవేటు బడి నుంచి మార్చాలంటే ఏ తరగతిలో మంచిది?

ఆరులో అయితే అన్నిటికన్నా సుఖం. ఎనిమిదిలో అయినా పరవాలేదు. తొమ్మిదిలో ఇబ్బందే. పదిలో మార్చకండి.

ఎనిమిది అనడానికి ఒక లెక్క ఉంది. నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్ష ఎనిమిదో తరగతిలో రాయాలి. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బళ్ళలో చదివే పిల్లలకే అర్హత. ఇంటి ఆదాయం ఏడాదికి 3.5 లక్షల లోపు ఉండాలి. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు నేరుగా ఖాతాలో పడతాయి. తొమ్మిదిలో మారితే ఈ అవకాశం పోయినట్టే. బళ్ళోనే దీనికి తర్ఫీదు ఇస్తున్నారా, పోయినేడాది ఎంతమందికి వచ్చింది అని అడగడం మరిచిపోకండి. బడి శ్రద్ధను కొలవడానికి పాసు శాతం కన్నా మంచి గజంబద్ద ఇది.

నూజివీడు లాంటి ట్రిపుల్ ఐటీల సీట్లు పదో తరగతి మార్కుల మీదే ఇస్తారు. ప్రభుత్వ బళ్ళలో చదివినవాళ్ళకు నాలుగు శాతం అదనపు స్కోరు కలుపుతారు. అక్కడ అర మార్కు తేడాతో సీట్లు పోతుంటాయి. నాలుగు శాతమంటే చిన్న విషయం కాదు. నిబంధనలు ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చదువుకోండి.

పాత బడివాళ్ళు టీసీ ఇవ్వకుండా తిప్పుతున్నారు. ఏం చేయాలి?

మాకూ అయింది. 'బాకీ లేదు' అని రసీదులు చూపించినా, ప్రిన్సిపాల్ ఊళ్ళో లేరని మూడు వారాలు తిప్పారు. అప్పుడు తెలుసుకున్న సంగతి: విద్యాహక్కు చట్టం కింద ఎనిమిదో తరగతి లోపు పిల్లకు టీసీ ఆలస్యమైందని ప్రభుత్వ బళ్ళో చేర్చుకోకుండా ఉండకూడదు. హెచ్‌ఎం గారికి కాగితం రాసిచ్చి పిల్లను కూర్చోబెట్టేశాం. టీసీ తరవాత వచ్చింది. మండల విద్యాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే పని ఇంకా తొందరగా అవుతుంది. పిల్లల వివరాలుండే ఆన్‌లైన్ రిజిస్టరు చైల్డ్ ఇన్ఫోలో పాత బడివాళ్ళు పిల్ల పేరు వదిలేశారో లేదో కూడా కనుక్కోండి. అక్కడ పేరు ఇరుక్కుంటే కొత్త బళ్ళో పుస్తకాల కిట్టు దగ్గర నుంచీ అన్నీ ఆగుతాయి.

టీచర్లే వాళ్ళ పిల్లల్ని ప్రైవేటులో చదివిస్తుంటే మనమెందుకు నమ్మాలి?

న్యాయమైన ప్రశ్నే. నేనూ ఒక మాస్టారిని మొహమాటపడుతూనే అడిగాను. ఆయన దాచలేదు: 'నేనుండేది పట్టణంలో, నాకు బడి ఇక్కడ. పిల్లాణ్ణి రోజూ ముప్పై కిలోమీటర్లు బైకు మీద తిప్పలేను. మా ఆవిడ కూడా ఒప్పుకోదు.' సగం దూరం, సగం పరువు. ఈ రెండింటిలోనూ చదువు మాట లేదు చూశారా? అలాగని నేను వాళ్ళను సమర్థించను. తన బిడ్డను తన బళ్ళోనే వేసుకున్న టీచరు ఎవరైనా ఉంటే, ఆ బడిని మిగతా వాటికన్నా ఒక మెట్టు పైన పెట్టండి.

నిజం చెప్పాలంటే 'అక్కడ ఎలాంటివాళ్ళ పిల్లలు ఉంటారో' అన్నదే మా అత్తగారి బాధ.

కొబ్బరి దింపు తీసేవాళ్ళ పిల్లలు, కౌలు రైతుల పిల్లలు, పేటల పిల్లలు, తల్లి మస్కట్‌లో తండ్రి ఇక్కడ ఉన్న పిల్లలు ఉంటారు. మా అమ్మాయికి లెక్కలు నేర్పింది వాళ్ళలో ఒక పిల్లే. ఇంతకన్నా ఈ ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు.

బడి దూరం, దారి సంగతి?

చదువు కన్నా ముందు దీన్నే చూడాలంటాను. కాలవగట్టు రోడ్డు మీద ఎదురెదురుగా రెండు వాహనాలొస్తే సైకిలు మీదున్న పిల్లకు కాలవే దిక్కు. పిల్లతో కలిసి ఒకసారి వెళ్ళే దారంతా సైకిలు మీద వెళ్ళిరండి, కారులో కాదు. ఆటో అయితే ఎంతమందిని ఎక్కిస్తున్నాడో చూడండి.

గోదారి మధ్య లంకల్లో ఉండేవాళ్ళకు ఇంకో లెక్క. గోదారికి నీళ్ళొచ్చాయంటే చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే లాంటివి మునిగిపోతాయి, పడవే గతి. 2022 జులై వరదకు ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక, అంటే 17 లక్షల క్యూసెక్కులు, దాటి ప్రవాహం పోయింది. రోజుల తరబడి లంకల్లో పిల్లలు ఇళ్ళ మీదే ఉన్నారు. అవతలి గట్టున బళ్ళేమో పునరావాస కేంద్రాలయ్యాయి. అందుకే జులై, ఆగస్టుల్లో పోయిన పాఠాలు మళ్ళీ ఎప్పుడు చెబుతారని హెచ్‌ఎంని అడగండి. 'ఆదివారాలు చెబుతాం' అన్నవాళ్ళు కొందరే, 'పుస్తకంలో చూసుకుంటారు' అన్నవాళ్ళు ఎక్కువ. లంక పిల్లలు ఎక్కువగా చేరే బళ్ళకు పోయిన పాఠాలు మళ్ళీ చెప్పే అలవాటు ఉంటుంది, అది వాళ్ళ గొప్ప. వరద రోజుల్లో ఇవతలి ఊళ్ళో అమ్మమ్మగారి ఇల్లో, పిన్నిగారి ఇల్లో ఉంటే ముందే మాట్లాడి పెట్టుకోండి.

ఆడపిల్ల అయితే ప్రత్యేకంగా ఏం చూడాలి?

ఇది మా ఆవిడ చెప్పిన జవాబు, నేను రాస్తున్నానంతే. మరుగుదొడ్డి తలుపుకు లోపల గడియ ఉందా. బకెట్టు, మగ్గు, నీళ్ళు ఉన్నాయా. నాప్కిన్లు అడగడానికి ఒక లేడీ టీచరు ఉన్నారా, వాడినవి పడేయడానికి చోటుందా. నెలలో ఆ నాలుగు రోజులు ఎంతమంది ఆడపిల్లలు బడి మానేస్తున్నారో హాజరు పట్టీ చూస్తే లేడీ టీచర్లకు తెలుస్తుంది, అడగండి. పొద్దున ఎనిమిదింటికి కాకుండా మధ్యాహ్నం రెండింటికి వెళ్ళి చూడమంది. ఆటలకు ఆడపిల్లల్ని బయటికి పంపుతున్నారా, డ్రిల్లు పీరియడ్‌లో చెట్టుకింద కూర్చోబెడుతున్నారా అన్నది కూడా ఆవిడ ప్రశ్నే. ఇది నాకు తట్టలేదు.

మధ్యాహ్న భోజనం బాగుంటుందా?

పథకానికి 2024లో డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో వేళగాని వేళ వచ్చినవాళ్ళకీ కాదనకుండా అన్నం పెట్టిన తల్లి. ఆ పేరు పెట్టాక మన ప్రాంతంలో పప్పు నీళ్ళలా ఉంటే మనకే సిగ్గు. గుడ్లు, చిక్కీ ఇస్తారు, 2025 జూన్ నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు. రుచి వంటమనిషిని బట్టి. ఒక రోజు పిల్లలతో కూర్చుని తినండి. టీచర్లు కూడా అదే అన్నం తింటున్నారా అన్నది ఓరకంట చూడండి.

ఖర్చు ఏమీ ఉండదా?

ఫీజు ఉండదు. పుస్తకాలు, యూనిఫాం, బూట్లు, బ్యాగు కిట్టులో వస్తాయి. సైకిలు, నోటుబుక్కులు ఇంకొన్ని, పదో తరగతిలో గైడ్లు మనవే. పిల్లల్ని బడికి పంపే తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు ప్రైవేటు బడి పిల్లల తల్లులకూ వస్తుంది కాబట్టి బడి ఎంచుకోవడానికి దాన్ని లెక్కలోకి తీసుకోకండి. హాజరు 75 శాతం ఉండాలన్నది మాత్రం గుర్తుంచుకోండి.

మిగిలిన ఫీజు డబ్బుతో ట్యూషన్ పెట్టిస్తామంటారు చాలామంది. పెట్టించండి, కానీ ఆ బడి టీచరు దగ్గరే వద్దు. టీచర్లు ప్రైవేటుగా ట్యూషన్ చెప్పకూడదని చట్టమే అంటోంది. డబ్బు కట్టిన పిల్లకు సాయంత్రం చెప్పేదే పొద్దున అందరికీ చెప్పాలి కదా.

మేమిద్దరం గల్ఫ్‌లో ఉంటాం. పిల్ల అమ్మమ్మ దగ్గర ఉంటుంది. ఏ బడి?

ఇంటికి దగ్గరున్న బడి. అమ్మమ్మ నడిచి వెళ్ళగలిగినంత దగ్గర. హెచ్‌ఎంకి మీ వాట్సాప్ నంబరు ఇచ్చి, నెలకొకసారి మీరే ఫోన్ చేయండి. వాళ్ళు చేస్తారని ఎదురుచూడకండి. సంతకాలు ఎవరు పెడతారో చేరేరోజే కాగితం మీద రాసివ్వండి. హాస్టల్ మాట అమ్మమ్మకు ఓపిక లేనప్పుడే ఆలోచించండి.

బడి కమిటీలో చేరితే ఏమైనా ఉపయోగమా, ఊరికే సంతకాలేనా?

మొదటి ఆరు నెలలు నాకూ సంతకాలే. చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. కాగితం మీద ఉంటారు. మా దగ్గర ఇద్దరు అమ్మలు నోరు విప్పాకే పనులు కదిలాయి. వాళ్ళు చేసింది పెద్దదేం కాదు: ప్రతి నెలా ఒకే ప్రశ్న, 'తెలుగు చదవలేని పిల్లలు ఏ తరగతిలో ఎంతమంది ఉన్నారు?' మొదటి నెల ఎవరి దగ్గరా లెక్క లేదు. రెండో నెల పేర్లు వచ్చాయి. నాలుగో నెలకు సాయంత్రం ముప్పావుగంట వాళ్ళను విడిగా కూర్చోబెట్టి చదివించడం మొదలైంది.

మన డెల్టాకు ఇది కొత్త కాదు. 1850లలో టేలర్ దొర సబ్ కలెక్టర్‌గా ఉన్న రోజుల్లో నరసాపురం వైపు రైతులు భూమి శిస్తుతో పాటు బడుల కోసం అదనంగా చెల్లించడానికి తామే ముందుకొచ్చారు. నరసాపురం టేలర్ హైస్కూలుకు ఆ పేరు ఆయనదే.

2024 డిసెంబరు 7 నుంచి మెగా పేరెంట్ టీచర్ మీటింగులు పెడుతున్నారు. వెళ్ళండి. ముగ్గుల పోటీ అయ్యేదాకా ఓపిక పట్టి, పిల్ల టీచరుతో ఐదు నిమిషాలు విడిగా మాట్లాడి రండి.

చేర్చాక తప్పు చేశామనిపిస్తే?

మొదటి రెండు నెలలు ఆ అనుమానం అందరికీ వస్తుంది. మా అమ్మాయి మొదటి వారం ఏడ్చింది, బల్ల మీద ముగ్గురు కూర్చోవాలని. దసరా దాకా ఆగండి. అప్పటికీ నోటుపుస్తకాలు ఖాళీగా ఉంటే, పిల్ల బడికి వెళ్ళనని మొండికేస్తుంటే, ముందు క్లాస్ టీచరు, తరవాత హెచ్‌ఎం, ఆ తరవాతే బడి మార్పు.

చేరే రోజు ఏం పట్టుకెళ్ళాలి?

టీసీ, పిల్ల ఆధార్, తల్లి ఆధార్, తల్లి బ్యాంకు పాసుపుస్తకం, కులం సర్టిఫికెట్, ఫోటోలు. అన్నిటికన్నా ముందు పిల్ల పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఆధార్‌లోనూ బడి రిజిస్టరులోనూ ఒక్కలాగే ఉన్నాయో లేదో అక్కడే నిలబడి అక్షరం అక్షరం చదవండి. పదో తరగతి మెమోలో పడిన పేరే జీవితాంతం ఉంటుంది. మావాడి ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడింది. ఆరో తరగతిలో గమనించాం కాబట్టి ఒక అర్జీతో పోయింది. మా పక్కింటివాళ్ళు పది పాసయ్యాక చూసుకుని ఇప్పటికీ ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు.